గడ్డ

పోయినవారం ఉప్పలమ్మను మనం బోరింగు దగ్గర వదిలిపెట్టాం. బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా పట్టించుకోకుండా షరీఫున్నీసా చెయ్యి పట్టుకొని, "అక్కా, నీతోటి ఒక ముచ్చట చెప్పాలె. మా అత్త లేనప్పుడు" అన్నది కదా. అన్నదో లేదో, అత్త ఈదమ్మ రానే వచ్చింది. ముచ్చట కాస్తా గొంతులోనే ఉండిపోయింది. "నీళ్ళు పారబోస్తున్నవేంది పిల్లా, మన జాగాల గంగ పుట్టిందా?" అని కోడలిని కసిరి, బిందె తానే నెత్తికెత్తుకొని నడిచింది ఈదమ్మ. నెలలు నిండిన కోడలు వట్టి చేతులతో ఆమె వెనకాలే పోయింది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం ఇంకో రెండు మాటలు. షరీఫున్నీసాది కొల్లాపూర్. పల్లెల్లో ఆడవాళ్ళ కాన్పులు ఎట్లా జరుగుతున్నాయి, ఎవరు బతుకుతున్నారు, ఎవరు పోతున్నారు అని తెలుసుకోవడానికి పట్నం నుంచి వచ్చిన పరిశోధనలో సహాయకురాలు. ఎర్రమిట్టలో ఒక గది కిరాయికి తీసుకొని, ఇల్లిల్లూ తిరిగి అడగడం ఆమె పని. ఊరికి ఆమె 'సర్వే అక్క'. ఆమెకు పై అధికారి డాక్టర్ అమరేందర్. మంచివాడే, కాని ఒక్క మాట మాత్రం జీపెక్కిన ప్రతిసారీ చెప్తాడు. "మనం అడిగేవాళ్ళం. అడిగి ఊరుకునేవాళ్ళం. సంసారాల్లో వేలు పెడితే పరిశోధన పాడవుతుంది, సంసారమూ పాడవుతుంది." వినడానికి బాగానే ఉంటుంది. ఆయన చెప్పేసి మహబూబ్‌నగర్ వెళ్ళిపోతాడు. ఊళ్ళో ఉండేది షరీఫున్నీసా.

ఇక ఉప్పలమ్మ. ఆలంపూర్ దిక్కు పిల్ల. గాలయ్యను మారుమనువు చేసుకొని ఎర్రమిట్టకు వచ్చి ఏడాది దాటింది. గాలయ్య మేస్త్రీ వెంట కర్ణాటకలో కాలువ తవ్వడానికి వెళ్ళాడు. వానలు పడితేగాని రాడు. ఇంట్లో మిగిలింది అత్తా కోడలూ, రెండు మేకలూ.

ఆ రోజు గురువారం. తూకం రోజు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళందరూ కిరాయి గదికి వచ్చి బరువు చూపించుకొని పోతారు. గది మధ్యలో పాత దుప్పటి ఒకటి పరదాగా కట్టి ఉంటుంది. దాని వెనక్కి ఎవరి కడుపు కొలవాలో వాళ్ళే రావాలి. అత్తలకూ, ఆడబిడ్డలకూ, తల్లులకూ ప్రవేశం లేదు. ఈ కట్టుబాటు పెట్టింది షరీఫున్నీసాయే, అదీ మొన్న మొన్ననే. అంతకుముందు అందరినీ వాళ్ళ వాకిట్లోనే కూర్చోబెట్టి అడిగేది. ఉప్పలమ్మనూ అట్లాగే అడిగింది, పక్కన ఈదమ్మ పల్లికాయ ఒలుస్తుండగా.

ఈదమ్మ గడపలోనే ఆగిపోయి గోడకు ఆనుకొని కూర్చుంది. "జల్ది కానీయమ్మా, మేకలు కట్టేసి వచ్చిన" అన్నది. కాసేపటికి తక్కిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఉప్పలమ్మ పరదా వెనక్కి వచ్చి బల్ల మీద పడుకుంది. ఎప్పుడూ చీర పైనుంచే కొలవమనేది, ఎంత చెప్పినా కుచ్చెళ్ళు జరపనిచ్చేది కాదు. సిగ్గనుకుంది షరీఫున్నీసా. ఈ రోజు ఆమే చీర కిందికి జరిపి, కళ్ళు మూసుకుంది.

బొడ్డు కింద నుంచి నిలువుగా, పొత్తికడుపు చివరిదాకా, మానిన కోత. నిండు నెలల కడుపు మీద చర్మం సాగి, ఆ గీత తెల్లగా మెరుస్తోంది.

"గడ్డ తీసిన్రని చెప్తివి గదా" అన్నది షరీఫున్నీసా గొంతు తగ్గించి. ఆ మాట ఆమెకు బాగా గుర్తుంది. ఇంతకుముందు ఏమన్నా ఆపరేషన్ అయిందా అని ఆ వాకిట్లో అడిగినప్పుడు ఉప్పలమ్మ తల వంచుకొని, "కడుపుల గడ్డ లేచె. కోసి తీసిన్రు" అన్నది. పక్కనుంచి ఈదమ్మ, "అవునమ్మా, గా సంగతి పెండ్లప్పుడే చెప్పిన్రు" అని వంత పాడింది. కాన్పు ఇదే మొదటిదన్నారు. షరీఫున్నీసా సరేనని పక్కింటికి వెళ్ళింది. కడుపులో గడ్డలు లేచిన ఆడవాళ్ళను ఎంతమందిని చూడలేదు!

"ఎంత గడ్డ ఉండె ఉప్పలమ్మా?"

ఉప్పలమ్మ కళ్ళు తెరవలేదు. "ముందు ఒట్టెయ్యి. మీ అల్లా మీద. ఎవ్వరికీ చెప్పనని."

షరీఫున్నీసా ఎందుకు వేసిందో ఆమెకే తెలియదు. అడగడమే తన పని కదా, అడిగింది చెప్పించుకోవాలంటే మాట ఇవ్వాలి కదా అనుకుందో ఏమో. "అల్లా కసమ్. చెప్పు" అన్నది.

"గడ్డకు కాళ్ళు చేతులు ఉండె అక్కా." ఉప్పలమ్మ కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. "మొగపోరడు. జుట్టు గూడ మస్తుగుండె. నొప్పులు మొదలైనంక రెండు పూటలు ఇంట్లనే ఉంచిన్రు. ఆఖరికి దవాఖానకు తోల్కపోతే కడుపు కోసి తీసిన్రు. అప్పటికే పానం లేదు."

అది వనపర్తి దగ్గరి పల్లెలో, మొదటి మనువులో జరిగిన సంగతి. బిడ్డ పోయాక ఆ అత్తింటివాళ్ళు మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. కడుపులో పీనుగను మోసిన మనిషి ఇంటికి అచ్చిరాదన్నారు. పుట్టింట్లో ఉంటే మేనమామ వచ్చి ఈ గాలయ్య సంబంధం తెచ్చాడు. ఈదమ్మ కట్నం అడగలేదు, ఎడ్లనడగలేదు, ఒకే ఒక్కటి అడిగింది. "పిల్లకు మునుపు కాన్పు గిట్ల చెడిందా?" ఎందుకంటే గాలయ్య మొదటి పెళ్ళాం సత్తమ్మ కాన్పులోనే పోయింది, కడుపులో బిడ్డతో సహా. ఇంకో కోడలిని అట్లా సాగనంపడం తన వల్ల కాదన్నది ఈదమ్మ. మేనమామ తడుముకోకుండా, కాన్పేమీ కాలేదనీ, కడుపులో గడ్డ లేస్తే తీయించామనీ చెప్పాడు. అప్పటి నుంచి ఆ పిల్లవాడు గడ్డ అయిపోయాడు.

"నేను గూడ గట్లనే అంటున్న అక్కా. గడ్డ, గడ్డ అని. అన్నప్పుడల్లా వానికి ఇనవడుతున్నదేమో అనిపిస్తది."

షరీఫున్నీసా టేపు పక్కన పెట్టింది. ఆమెకు ఏడుపు రాలేదు, భయం వేసింది. కడుపు కోసి బిడ్డను తీసిన మనిషికి మళ్ళీ కాన్పు దవాఖానలోనే కావాలని శిక్షణలో చెప్పారు. నొప్పులకు ఆ పాత కోత లోపల విచ్చుకుంటే తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు. ఈదమ్మ చూస్తే ఇంట్లో కాన్పుకు అన్నీ సిద్ధం చేసి పెట్టింది. మంత్రసానికి చెప్పింది. పాత చీరలు ఉతికి ఆరేసింది. మొదటి నుంచి ప్రతి వారం ఆ కడుపును పైపైన కొలిచి పంపించింది షరీఫున్నీసాయే! ఛీ, ఏం చదువు ఇది, ఏం అడగడం ఇది అని తనను తాను తిట్టుకుంది.

"ఉప్పలమ్మా, నువ్వు ఇంట్ల నీళ్ళాడొద్దు. నాగర్‌కర్నూల్ పోవాలె. ఇయ్యాల్నే."

"మా అత్త తోలదు. సత్తమ్మను తోలితే శవం వచ్చిందంటది."

"సంగతి చెప్తే తోలుతది."

ఉప్పలమ్మ దిగ్గున లేచి ఆమె నోటి మీద చెయ్యి పెట్టింది. "చెప్తే నన్ను ఇంట్ల ఉంచదు. మా మేనమామ ఆడిన అబద్ధం బయటవడ్డంక నేను యాడికి పోవాలె? ఇంకో మనువు ఎవడు చేసుకుంటడు? ఒట్టేసినవక్కా."

"ఏం గుసగుసలే లోపల? బరువు చూస్తున్నరా, పురాణం చెప్పుకుంటున్నరా?" అని బయటి నుంచి ఈదమ్మ కేక.

షరీఫున్నీసా పరదా జరుపుకొని బయటికి వచ్చింది. అక్కడి నుంచి ఇక్కడికి నాలుగడుగులు కూడా లేవు. ఆ కాస్త దూరంలోనే ఒక ఉపాయం తోచింది. ఒట్టు తప్పకుండా, పిల్లను దవాఖానకు చేర్చే ఉపాయం. మంచిదే అనుకుంది పాపం.

"అవ్వా, బిడ్డ అడ్డం తిరిగినట్టుంది. ఇంట్ల కాన్పు కాదు. నాగర్‌కర్నూల్ బస్సు ఇంకా పోలే. తీస్కపోదాం."

ఈదమ్మ కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత నిదానంగా లేచి, పరదా పక్కకు నెట్టి, కట్టుబాటూ గిట్టుబాటూ చూడకుండా లోపలికి వెళ్ళింది. కోడలి కడుపు మీద రెండు చేతులూ ఆనించి, ఒకసారి పైనా, ఒకసారి కిందా అదిమింది. తొమ్మిదిమందిని కని, ఊళ్ళో సగం కాన్పులకు మంత్రసాని పక్కన కూర్చున్న చేతులవి. ఉప్పలమ్మ చీర సర్దుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

"తల కిందికే ఉన్నది. సక్కగ కూసున్నది" అన్నది ఈదమ్మ. "అబద్ధమెందుకాడినవు షరీఫమ్మా?"

 ఈదమ్మ చేతులు కడుపు మీది నుంచి కదలలేదు. ఒక వేలు మాత్రం కోత వెంబడి నెమ్మదిగా కిందికి జరిగింది.

"గడ్డ తీస్తే గింత కోస్తరా?" అని అడిగింది. కోడలిని కాదు, షరీఫున్నీసాను. "మా సత్తమ్మను తీస్కవచ్చి నులకమంచం మీద పండబెట్టినప్పుడు నేనే తానం చేయించిన. గా పిల్లకు గూడ గీడనే, గిట్లనే కోసి ఉండె. సదువుకున్నదానివి. నువ్వు చెప్పు. గిదేం కోత?"

ఉప్పలమ్మ అత్త భుజం వెనక నుంచి షరీఫున్నీసాను చూస్తోంది. చెప్పవద్దని తల అడ్డంగా ఊపుతోంది. ఆ చూపు ఎదుట నిలబడటం ఎంత కష్టమో షరీఫున్నీసాకే తెలుసు. అల్లా మీద వేసిన ఒట్టు. ఇంకా పెదవుల మీద తడి ఆరని ఒట్టు. తప్పితే ఈ పిల్ల ఇల్లు కూలుతుంది. తప్పకపోతే, రేపో ఎల్లుండో, ఇదే ఈదమ్మ ఇంకో కోడలికి ఆఖరి స్నానం చేయిస్తుంది. అమరేందర్ సారు చెప్పిన మాట గుర్తుకు వచ్చింది, అడిగి ఊరుకోవాలని. ఆయన ఇక్కడుంటే ఊరుకునేవాడా? ఏమో, ఊరుకునేవాడేనేమో. ఆమెకు ఒక్కసారిగా ఆయన మీదా, తన మీదా, ఆ బల్ల మీదా, టేపు మీదా కోపం వచ్చింది.

"అది గడ్డ కాదవ్వా" అన్నది. "బిడ్డ."

 బయట ఎవరో మేకను అదిలిస్తున్నారు.

"ఒట్టేస్తివి గదక్కా" అన్నది ఉప్పలమ్మ. గట్టిగా అనలేదు, ఏడవలేదు, తిట్టలేదు. నమ్మిన మనిషి చేతిలో దెబ్బ తిన్నవాళ్ళు ఎట్లా అంటారో అట్లా అన్నది. నాలుగు తిట్లు తిట్టినా షరీఫున్నీసాకు ఇంకాస్త నయంగా ఉండేది.

ఈదమ్మ బల్ల పక్కన నేల మీద చతికిలబడింది. ఇంతెత్తున లేస్తుందనీ, జుట్టు పట్టుకొని ఈడుస్తుందనీ షరీఫున్నీసా సిద్ధంగా ఉంది. ఈదమ్మ అట్లాంటివేమీ చేయలేదు. కొంగుతో ముఖం తుడుచుకొని, కోడలిని అడిగింది.

"ఆడపిల్లనా, మొగపిల్లగాడా?"

"మొగపోరడత్తా."

"సత్తమ్మ కడుపుల గూడ మొగపోరడే." మళ్ళీ అడిగింది. "నా కొడుక్కు ఎరికేనా గీ సంగతి?"

ఉప్పలమ్మ ఎరికేనన్నట్టు తల ఊపింది.  "మా అవ్వకు చెప్పకు, బుగులుతోటి పానం ఇడుస్తది అన్నడు" అని గొణిగింది. అప్పుడు తగిలింది ఈదమ్మకు అసలు దెబ్బ. వియ్యాలవారు అబద్ధమాడితే తిట్టి ఊరుకోవచ్చు, కోడలు దాస్తే నాలుగు రోజులు మాట్లాడకుండా ఉండవచ్చు. కన్నకొడుకు కూడా వాళ్ళతో కలిసి తనను పిచ్చిదాన్ని చేశాడంటే ఏ ముఖం పెట్టుకొని ఎవరిని అడగాలి? "అందరికీ ఎరికే. నేనొక్కదాన్నే గడ్డ గడ్డ అనుకుంట తిరిగిన" అన్నది.

"అవ్వా, నన్ను తిట్టు, కొట్టు. కాని ఇప్పుడు పోదాం లే" అని షరీఫున్నీసా ఆమె ముందు కూర్చుంది. "ఇంట్ల నొప్పులు వడితే లోపల కోత ఇచ్చుకుంటది. మంత్రసాని ఏం చెయ్యలేదు. దవాఖానల మళ్ళ కోసి, బిడ్డను పైలంగ తీస్తరు."

"సత్తమ్మకు గూడ పైలంగ తీస్తమన్నరు."

"సత్తమ్మను శాన ఆలిశంగ తీస్కపోయిన్రంట గదవ్వా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాక తెలిసింది. ఈదమ్మ ముఖం నల్లబడింది.

"ఆలిశం ఎవరు జేసిన్రంటవు? నేనే గదా. బండి కట్టనియ్యక, ఇగ అయితది, అగ అయితది అని కూసున్నది నేనే గదా. గా మాట నా నోటితోటి నేనెన్నడన్నా అన్ననా? ఇన్నేండ్లు దవాఖాననే తిట్టుకుంట బతికిన. ఇయ్యాల నువ్వొచ్చి నా ముందర పెడితివి."

చెప్పకూడనిది ఒకటి చెప్పి, అనకూడనిది ఒకటి అని, షరీఫున్నీసా తల దించుకుంది. ఈదమ్మ కళ్ళు తుడుచుకోవడం మానేసి ఆమె గడ్డం పట్టి పైకెత్తింది.

"ఒక్కటడుగుత. దవాఖానకు తోల్కపోతే నా కోడలు, నా మనుమడు సక్కగ ఇంటికొస్తరా? గా మాట మీద ఒట్టెయ్యి."

షరీఫున్నీసా నోరు తెరిచింది.

"ఆగు" అన్నది ఈదమ్మ. "జర సోంచాయించి, ఆలోచన జేసి ఎయ్యి. గింతసేపట్ల నాకొక అబద్ధం చెప్తివి, గీ పిల్లకేసిన ఒట్టు నా కండ్ల ముందర తప్పితివి. ఇప్పుడు మూడో మాట చెప్తున్నవు. దేన్ని నమ్మాలె నేను?"

రెండూ ఈ పిల్లను బతికించడానికే కదా అనాలనుకుంది షరీఫున్నీసా. అనలేకపోయింది. అల్లా కసమ్, ఇద్దరూ క్షేమంగా వస్తారు అని ఒక్క మాటంటే ఈదమ్మ లేస్తుంది. లేచి బస్సెక్కుతుంది. కాని నాగర్‌కర్నూల్‌లో డాక్టరమ్మ ఉంటుందో లేదో, రక్తం దొరుకుతుందో లేదో, అక్కడి నుంచి మళ్ళీ మహబూబ్‌నగర్ పొమ్మంటారో ఏమో! తనకేం తెలుసు? తెలియనిదాని మీద అల్లాను ఎట్లా సాక్షి పెట్టడం? అందులోనూ, ఇప్పుడే ఒకసారి తప్పిన నోటితో.

"ఒట్టెయ్యలేనవ్వా" అన్నది. "ఇంట్ల ఉంటే మాత్రం బతకదు. గా సంగతి నాకు ఎరికే. దవాఖానల బతికే ఆశ ఉన్నది. గంతే చెప్పగలను."

ఈదమ్మ ఆమె గడ్డం వదిలేసింది. నమ్మిందో లేదో ఆ ముఖం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. గోడ పట్టుకొని లేచి నిలబడి, "నడువు పిల్లా" అన్నది కోడలితో. ఎక్కడికో చెప్పలేదు. ఉప్పలమ్మ బల్ల దిగి, షరీఫున్నీసా వైపు చూడకుండా ఆమె పక్క నుంచే దాటింది. ముగ్గురూ ముందూ వెనకా రోడ్డు మీదికి వచ్చారు. ఎడమకు తిరిగితే ఇల్లు. కుడివైపు, చింతచెట్టు కింద బస్సులాగే జాగా.

అక్కడే, రోడ్డు మధ్యలో, ఉప్పలమ్మ వంగిపోయింది. కిందపడకుండా అత్త చెయ్యి దొరకబుచ్చుకుంది.

"నొప్పా? నడుములనా?" అని అడిగింది ఈదమ్మ.

ఉప్పలమ్మ తల అడ్డంగా ఊపింది. రెండో చెయ్యి పొత్తికడుపు మీద, సరిగ్గా ఆ గీత మీద అదిమిపెట్టింది. "నడుముల కాదత్తా. కోత కాడ. లోపట చింపుతున్నట్టున్నది."

షరీఫున్నీసా రెండంగల్లో ఆమెను చేరుకుంది. పట్టుకోబోతే ఉప్పలమ్మ భుజం విదిలించుకుంది. ఒట్టు తప్పిన చేతులు తనను ముట్టుకోవద్దని ఆ నొప్పిలోనూ విదిలించుకుంది. షరీఫున్నీసా కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. అయినా అక్కడి నుంచి కదలలేదు. "అవ్వా, నువ్వన్నా పట్టుకో, అవ్వా" అని ఈదమ్మను బతిమాలింది.

అంతలో కొల్లాపూర్ దిక్కు నుంచి నాగర్‌కర్నూల్ బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చి, రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ ముగ్గురినీ చూసి కీచుమని ఆగింది. కండక్టరు తలుపు తీసి సగం బయటికి వేలాడుతూ అరిచాడు.

"ఏందవ్వా, ఎక్కుతరా, ఎక్కరా?"

ఈదమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకొని, ఒకసారి బస్సు వైపూ, ఒకసారి ఇంటి వైపూ చూసింది.